పాత డోళ్ళు, వాటి సేకరణ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఒక గ్రంథాలయమును ఊరివారే చందాలు వేసికొని ఇరువదియైదేండ్లు నడుపుకొని వచ్చుట సామాన్యకార్యము కాదు. అట్టి సభలో మాటలాడు అవకాశము కలిగినందులకు కృతజ్ఞుడను. నన్ను పిలువ వచ్చిన కార్యదర్శిగారిని ఏ విషయమును గూర్చి చెప్పవలెనని అడిగితిని. "మీకు తెలిసినదే చెప్పండి, తెలియనివి చెప్పేవారు మాకు చాలామంది ఉన్నారు" అనిరి. కాబట్టి డోళ్ళను గూర్చి చెప్పెదను.

డోళ్ళనగా అన్ని డోళ్ళును కావు. కవాతు చేయు సైనికులును, పెండ్లి ఊరేగింపులలో బ్యాండు మేళమువారును ఎడమతొడపై వ్రేలాడదీసికొని రెండు పుల్లలతో వాయించు చిన్న డ్రమ్ములు. వీనిని మన బ్యాండువారు సైడు డ్రమ్మందురు. వానిలో పాతవానిని, నగిషీ గలవానిని, రాజచిహ్నములును రంగులును గలవానిని ఏరి దాచుట నాకు కొన్నియేండ్లుగా వ్యసనము. వ్యసనమనియే అనుచున్నాను, మా యింటివారి మాటయు అదియే.

నేనుండునది విశాఖపట్టణములోని ఆటోనగరు. లారీల బాడీలు కట్టువారు, లేతు పనివారు, పోతపోయువారు, తుక్కు వ్యాపారులు అచ్చట నిండియుందురు. ఓడరేవునుండియు, ఉక్కు కర్మాగారము చుట్టుప్రక్కల నుండియు, ఉత్తరాంధ్ర గ్రామములనుండియు పాత లోహమంతయు ఏదో ఒకనాడు అచ్చటికి చేరును. బిందె, గంట, దీపపుసెమ్మె, ఓడ కవాటము, డ్రమ్ము — ఇత్తడియైనచో చాలును, అన్నియు ఒకే తక్కెడలో పడును. తూనికరాతికి తాళము తెలియదు. డ్రమ్మునకు గల ఇనుపకడ్డీలను, తోలును, చెక్క కట్లను విడదీసి పారవైచి, మిగిలిన ఇత్తడి చుట్టును సుత్తితో అణచి మూటకట్టుదురు. నూరేండ్ల వాద్యమొకటి సమసిపోవుటకు పట్టు కాలము ఒక గ్లాసు టీ త్రాగునంత. ఈ సేకరణకు నేను దిగుటకు కారణమిదియే.

మొదట ఈ వాద్యము పనిచేయు విధమును చెప్పవలెను. ఇత్తడితోనో, వంచిన పలుచని చెక్కతోనో చేసిన గుండ్రని చుట్టు దీని ఒడలు. పైని ఒక తోలు, క్రింద ఒక తోలు. పైతోలుపై పుల్ల పడును. క్రిందితోలు మిగుల పలుచనిది; దాని నానుకొని ప్రేవులతో పేనిన తంతులు కొన్ని అడ్డముగా బిగించియుండును. పైని దెబ్బ పడగనే లోని గాలి క్రిందితోలును కదిలించును. ఆ తోలు తంతులకు కొట్టుకొనును. అందుచేత "ధమ్" అను శబ్దము "ఝర్ర్" అని చిటపటలాడును. ఆ తంతులను సడలించి చూడుడు, అది సామాన్యమైన చిన్న డోలైపోవును. దూరమునుండి వినబడుటకును, తుపాకుల మ్రోతలో కూడ విడివిడిగా వినబడుటకును ఆ చిటపటయే మూలము. వెనుకటి సైన్యములలో ఆజ్ఞలు నోటితో చెప్పిన వినబడెడివి కావు. లేవవలెనన్నను, నడువవలెనన్నను, వెనుదిరుగవలెనన్నను డ్రమ్మే చెప్పవలెను.

తోళ్ళను బిగించుటకు పూర్వము త్రాళ్ళే ఉండెను. పైకట్టునుండి క్రిందికట్టునకు త్రాడు వంకరటింకరగా నడచును. జంట త్రాళ్ళపై తోలుపట్టీలు ఎక్కియుండును. పట్టీలను క్రిందికి లాగినచో త్రాళ్ళు దగ్గరయి తోలు బిగియును. మన ఢోలకు కడియములను జరుపునది చూచినవారికి ఇది క్రొత్త కాదు. 1837లో ఇంగ్లండులో కార్నీలియస్ వార్డను నతడు త్రాటికి బదులు మరబిగింపును తెచ్చెను. అయినను కవాతు డ్రమ్ములకు త్రాటికట్టు నేటికిని పోలేదు. తెల్లని త్రాడు వంపులు తిరిగి మెరయుచుండ కంటి కింపుగా నుండును గదా!

మరియొక చిన్న విశేషము. డ్రమ్ము ఒరగి వ్రేలాడునది గనుక ఎడమచేతి పుల్లను అరచేయి పైకి త్రిప్పి పట్టవలెను. నేడు కుర్చీలో కూర్చుండి, డ్రమ్మును సమముగా నిలిపి వాయించువారిలోను అనేకులు ఎడమచేతిని అట్లే పట్టుదురు. కవాతు పోయినను కవాతు పట్టు మాత్రము వ్రేళ్ళలో మిగిలినది.

ఇక అలంకారము. డ్రమ్మును ఎందుకు అలంకరింపవలెను? పతాకము ఏ దళపుదో తెలుపునట్లు డ్రమ్మును తెలుపవలెను గనుక. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ డ్రేకు అను నావికుని డ్రమ్మొకటి కలదు. అతడు 1596లో పనామా తీరమున మరణించెను. చివరి యాత్రలో వెంటనుండిన ఆ డ్రమ్ముపై అతని వంశచిహ్నమును చిత్రించి, మేకులతో వరుసలు తీర్చిరి. దేశమునకు ఆపద వచ్చినపుడు అది తనంతట మ్రోగునని అచ్చటివారొక కథ చెప్పుకొందురు. మన యూళ్ళలో గుడిగంటలను గూర్చి చెప్పుకొను కథలవంటిదే. హాలండు చిత్రకారుడు రెంబ్రాంటు 1642లో పూర్తిచేసిన "రాత్రి కావలి" అను మహాచిత్రములో కుడియంచున డ్రమ్ము వాయించువా డొకడు నిలిచియున్నాడు. ఆ చిత్రపు ప్రతి మీ గ్రంథాలయములోని కళాగ్రంథములలో ఉండినచో వెదకి చూడుడు.

అమెరికాలో 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధమున చెక్క డ్రమ్ములు లెక్కకు మిక్కిలిగా తయారయ్యెను. వాని ముందుభాగమున రెక్కలు చాచిన గ్రద్దను, చుట్టును నక్షత్రములను చిత్రించిరి. అవి నేడు సేకర్తలకు బంగారముతో సమానము. వానిని పరీక్షించు పద్ధతి ముచ్చటగా నుండును. ప్రతి డ్రమ్ముకును ప్రక్కన గాలి వెడలుటకై చిన్న రంధ్రముండును. దాని చుట్టును ఇత్తడి మేకులతో పూవులు, చక్రములు దిద్దుదురు. చేసినవాని పేరు ముద్రించిన కాగితమును సరిగా ఆ రంధ్రమున కెదురుగా లోపల అంటించుట వారి వాడుక. ఒక కన్ను మూసి, దీపము దగ్గర పెట్టుకొని, రంధ్రములోనుండి చదువుకొనవలెను. తోలు విప్పనక్కరలేదు. కాగితము దొరికినచో ఆ రాత్రి సేకర్తకు నిద్రపట్టదు.

లోహపు డ్రమ్ములలో మా ఆటోనగరు పనివారు చూచి తల యూపినది మాత్రము వేరొకటి. షికాగో నగరమున 1909లో లుడ్విగు సోదరులు స్థాపించిన కర్మాగారమువారు 1920 తరువాత ఇత్తడి డ్రమ్ములకు నల్లని నికెలు పూత పూయించి, ఆపై ఉలితో చేతిపనిగా పూలతీగెలు చెక్కించిరి. ఉలి తగిలినచోట నలుపు లేచిపోయి అడుగునున్న ఇత్తడి బంగారపురేఖవలె బయటపడును. దానికి "నల్లసుందరి" అను నర్థము గల పేరు పెట్టిరి. నేను దాని ఛాయాచిత్రమునే చూచితిని. డ్రమ్మును కొనుటకు నా ఇల్లు చాలదు. మా ప్రక్కషెడ్డులోని నగిషీపని తెలిసిన వృద్ధుడొకడు ఆ చిత్రమును చాలసేపు చూచి, "చెయ్యి తొణకలేదు బాబూ" అనెను. అంతకుమించిన ప్రశంస నేను వినలేదు.

తోలునకు బదులు ప్లాస్టికు పొర 1957 ప్రాంతమున వచ్చెను. వానకు సడలదు, ఎండకు పగులదు. వాయించువారికది మేలే. సేకర్తకు మాత్రము పాత దూడతోలుతోనున్న డ్రమ్ము దొరకుట అప్పటినుండి దుర్లభమైపోయెను.

మన దేశమునకు వత్తము. ఉత్తరప్రదేశములోని మీరట్టు నగరమున జాలీకోఠీ అను పేట కలదు. బ్రిటిషు సైన్యపు బ్యాండు నాయకుడైన నాదిర్ అలీ 1885లో స్థాపించిన సంస్థ అచ్చటిదే. కొమ్ములు, బాకాలు, డ్రమ్ములు అచ్చట చేతిపనిగా తయారై దేశమంతటను పోవుచున్నవి. మన పెండ్లి మేళములవారి డ్రమ్ములనేకము మీరట్టువే. సైన్యపు కవాతునకు పుట్టిన వాద్యము పెండ్లికొడుకు గుఱ్ఱము ముందునకు వచ్చిన త్రోవ ఇదియే. ఈ మార్పును హాస్యము చేయువారున్నారు. నాకది హాస్యముగా తోచదు. రాజ్యము పోయినను డ్రమ్ము బ్రదికినది, బ్రదికించినవారు మన బ్యాండు మేళమువారు.

సైన్యములో డ్రమ్మునకు గల గౌరవము మీరు వినదగినది. భారతసైన్యమున ఒక దళమునకు క్రొత్త పతాకము ప్రసాదించునపుడు డ్రమ్ములను ఒకదానిపై నొకటి పేర్చి వేదిక చేయుదురు. పతాకమును ఆ వేదికపై ఉంచగా, పండితుడు, మౌల్వీ, గ్రంథీ, క్రైస్తవ గురువు వచ్చి తమతమ ప్రార్థనలు చేయుదురు. అనగా డ్రమ్ము పీటయైనది, వేదియైనది. ప్రతి జనవరి 29వ తేదీన ఢిల్లీలో జరుగు ఉత్సవమున గాని, డిసెంబరు 4న నౌకాదళ దినమునాడు మన విశాఖ సముద్రతీరమున గాని బ్యాండును చూచినవారు ఆ డ్రమ్ముల రంగులను గమనించియే యుందురు.

ఇప్పుడొక కష్టమైన మాట చెప్పవలసియున్నది. అచ్చట డ్రమ్ము వేదికయైనది. మన యూళ్ళలో డప్పు కొట్టినవాడు ఎచ్చట నిలిచెను? చింతకొయ్యతో కట్టుచేసి, మేకతోలు బిగించి, గడ్డిమంటకు కాచి, కుడిచేత చిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టి వాయించు ఆ వాద్యమునకు శుభకార్యమున కొక దెబ్బ, శవయాత్రకు మరొక దెబ్బ, చాటింపునకు వేరొక దెబ్బ కలవు. సైన్యపు డ్రమ్మునకు ఏ భాష కలదో దీనికిని అట్టి భాషయే కలదు. ఆ భాష తెలిసిన మాదిగ సోదరుని ఊరు పిలిచెను, వినెను, కాని అరుగుపై కూర్చుండనీయలేదు. అదే చాటింపు పేరును, దండోరాయను పేరును, 1994లో ప్రకాశము జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమము తన పేరుగా చేసికొనెను. డ్రమ్ములను గూర్చి మాటలాడుచు ఈ సంగతిని దాటిపోవుట నాకు న్యాయముగా తోచలేదు. విదేశపు డ్రమ్మును అద్దాలబీరువాలో ఉంచి, మన డప్పును పెరటిలో వదలు సేకర్త చేయునది సగము పనియే.

ఉత్తరాంధ్రమున మనకు ఇంకెన్ని గలవు! యాదవ సోదరులు రొమ్మునకు కట్టుకొని గంగమ్మను పాడుచు గంతులు వేయు తప్పెటగుళ్ళు మీ యందరికిని తెలిసినవే. రేకుచుట్టు, పలుచని తోలు. కవాతు డ్రమ్మునకు అవి దగ్గర చుట్టములు. పీర్లపండుగకు మ్రోగు తాషా మట్టితోనో రాగితోనో చేసిన వెడల్పుగిన్నె. సన్నని పుల్లలతో కొట్టగా వచ్చు దాని చిటచిట తంతులు లేకయే సైడు డ్రమ్మును తలపించును. ఈ తాషాయే 1845 మొదలు కూలీల ఓడలలో ట్రినిడాడు ద్వీపమునకు పోయి, అచ్చట నేడు పెండ్లిపెండ్లికి మ్రోగుచున్నది. హైదరాబాదునకు అరబ్బు, హబ్షీ సిపాయిలు తెచ్చిన మర్ఫా సంగతి వేరుగా చెప్పవలసినంతటిది, నేడు వదలుచున్నాను.

ఇవి కొని దాచుట ధనికుల సరదాయని మీకు తోచవచ్చును. కలకత్తా రాజా శౌరీంద్రమోహన ఠాగూరు 1876లో సుమారు నూరు భారతీయ వాద్యములను బెల్జియము రాజునకు పంపగా, అవి బ్రస్సెల్సు నగరపు వాద్యసంగ్రహాలయమునకు మొదటి ఆస్తులలో చేరెను. అది రాజుల మాట. మన కాలమున, మన తెలుగునాట ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు ఊరూర తిరిగి, గిరిజనుల వాద్యములను, మూలపడిన జానపద వాద్యములను సేకరించి ప్రదర్శించిరి. వారు రాజులు కారు, అధ్యాపకులు. 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్యగారు కోయ డోలీతో సమ్మక్క సారలమ్మల కథ పాడెడివారు. డోలు ఒక్కటి మిగిలి, దానితో కలిసి నడచు కథ పోయినచో మిగిలినది కొయ్యయు తోలునే. ఈ సంగతి తెలిసినందువలన నేను డ్రమ్ముతోపాటు దానిని వాయించినవాని మాటలను కూడ ఒక పుస్తకమున వ్రాసికొనుచుందును.

నాయొద్ద నున్నవానిలో ఒకదానిని గూర్చి చెప్పెదను. తుక్కుమూటలో దొరికిన ఇత్తడి చుట్టది. పైని ఎఱ్ఱని ఎనామెలు రంగు. దానిపై తెలుగక్షరములలో ఒక బ్యాండు మేళము పేరు. ఒకచోట రంగు పెచ్చులూడగా అడుగున నీలిరంగు కనబడెను. అందును తెలుగక్షరములే, వేరొక మేళము పేరు. ఇంకను అడుగున, గోరంత మేర, పచ్చని బంగారువన్నెలో కిరీటపు అంచువంటిది కలదు. చూచిన మిత్రులందరు పైరంగులు గీకివేయుమనిరి. కిరీటము బయటపడినచో వెల పదిరెట్లగునట. నేను గీకలేదు. కిరీటము వేయించిన దొరలకు వేయి డ్రమ్ములుండెను. ఎఱ్ఱరంగుపై తన మేళము పేరు వ్రాయించుకొన్నవానికి ఆ డ్రమ్మొక్కటియే ఆస్తి. ఆ పేరు వ్రాసిన మరియొక వస్తువు లోకమున ఉండునో లేదో. సేకర్తలలో ఈ విషయమున నాతో ఏకీభవించువారు తక్కువ. నా నిర్ణయము మారలేదు.

కొనుటలోను నాకొక నియమము కలదు. ఒక వృద్ధ బ్యాండు మాస్టరు తన తండ్రినాటి డ్రమ్మును నాకు చూపి, "బాబూ, ఇది మా అయ్య వాయించింది. అమ్మితే కొత్తది వస్తాది, అమ్మకపోతే ఈ పెళ్ళిళ్ళు పోతాయి" అనెను. ఏమి చేయవలెను? కొనినచో డ్రమ్ము బ్రదుకును గాని దానిని వాయించు చేయి వేరైపోవును. కొననిచో తుక్కువాడు కొనును. "మాస్టారూ, డబ్బు తీసుకోండి, మీరు వాయించినన్నాళ్ళు ఇది మీ ఇంట్లోనే ఉంటుంది" అంటిని. అతడు క్రొత్తది కొనుక్కొనెను. పాతదానిని శ్రీరామనవమికి మాత్రము తీసి వాయించెను. నాలుగేండ్ల తరువాత అతని కుమారుడే తెచ్చి ఇచ్చెను. వాయించుచున్నవాని చేతినుండి వాద్యమును లాగుకొనుట సేకరణ కాదని నా తలంపు.

బొబ్బిలి వీణ విరిగినచో ఎవరును పొయ్యిలో పెట్టరు. గొల్లపల్లి పనివారు పనసమ్రానుతో దానిని ఏకాండముగా తొలుతురని, అది గౌరవవస్తువని అందరికి తెలియును. డ్రమ్మునకు, తప్పెటకు, తాషాకు అట్టి గౌరవము లేదు, చౌకవస్తువులని పేరు. చౌకవస్తువులే ముందు నశించును. ఉక్కు కర్మాగారమునకై మా ప్రాంతమున ఊళ్ళకు ఊళ్ళు లేచిపోయెను. ఊరు లేచినవారు గుడిని మరియొకచోట కట్టుకొనిరి, విగ్రహమును తెచ్చుకొనిరి. పగిలిన నగారాను మాత్రము బండిలో చోటులేదని వదలిరి.

అందుచేత ఈ గ్రంథాలయమువారికి నాదొక విన్నపము. 1914లో బెజవాడలో అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలగువారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పినప్పటినుండి మన గ్రంథాలయములు పుస్తకములు మాత్రమే దాచు కొట్లుగా ఉండలేదు. సభలు జరిపినవి, హరికథలు చెప్పించినవి. మీ ఊరిలో అటకలపై, పశువులపాకలలో పడియున్న పాత డ్రమ్ములు, తప్పెటలు, డప్పులు, గుమ్మెటలు ఎన్ని గలవో లెక్కవ్రాయుడు. ఇచ్చువారు ఇత్తురు, ఈయనివారి యింటనే ఉండనిండు, మీ పుస్తకమున పేరు చాలును. ఎవరు చేసిరి, ఎవరు వాయించిరి, ఏ దెబ్బలు తెలియును — ఇవి వృద్ధులుండగనే వ్రాసికొనవలెను.

ఉంచు విధమును గూర్చి నాలుగు మాటలు. చింతపండుతో తోమవలదు, మన ఆడవారి మంచిబుద్ధి ఇత్తడికి మొదట చేయునది అదియే. దానితో నగిషీ అరగును, పాత పూత పోవును. సముద్రపుగాలి తగులు ఊరు గనుక కిలుము పట్టును. మెత్తని పొడిగుడ్డతో తుడిచిన చాలును. త్రాళ్ళను, మరలను కొంచెము సడలించి యుంచుడు. వేసవిలో తోలు బిగిసి తనంతట చినుగును. చినిగిన తోలును పారవేయవలదు, దానిపై పుల్లల మచ్చలుండును, ఒక్కొకప్పుడు సిరాతో వ్రాసిన పేర్లుండును. సొట్టలను మీరు తీయవలదు. శ్రీకాకుళము జిల్లా బుడితి ఇత్తడిపనివారివంటి చేతులే తీయవలెను. నేలపై పెట్టవలదు, చెద పట్టును. వానకారు గోడకు ఆనించవలదు.

నాతో రెండు డ్రమ్ములు తెచ్చితిని. ఎఱ్ఱరంగుది, పక్కన బల్లపై నున్నది, నేను చెప్పినదే. సభ ముగిసిన తరువాత చూడదలచినవారు ఒక్కొక్కరుగా రండు. పిల్లలు వాయింపవచ్చును, రెండవదానిని మాత్రమే.